బతుకమ్మకు ముందు కడుపు నింపాలి: మా ఇంట్లో పేర్చే పద్ధతి

మా పెద్ద కోడలిది రాజమండ్రి దగ్గర ఒక పల్లె. పెళ్లయిన మొదటి ఏడాది, పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు నా పక్కన పీట వేసుకొని కూర్చుంది. కాసేపు చూసి, "అత్తయ్యా, చుట్టూ పూలు కనిపిస్తున్నాయి, మరి మధ్యలో ఏముంది?" అని అడిగింది.

ముప్పై ఐదేళ్లుగా పేరుస్తున్నాను, నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. మా సిద్దిపేట వైపు పుట్టిన ఆడపిల్లకు అది ఎవరూ విడిగా చెప్పరు. తల్లి పక్కన కూర్చొని కాడలు అందిస్తూ, దారం తెంపుతూ తనంతట తానే చూసి నేర్చుకుంటుంది. బయటి నుంచి వచ్చిన పిల్ల కాబట్టి అసలు విషయం మీదే వేలు పెట్టింది. పూలు ఎంత బాగున్నా మధ్యలో గట్టిగా లేకపోతే బతుకమ్మ వీధి మలుపు దాటదు. మా అత్తమ్మ దాన్ని "కడుపు" అనేది. "ముందు కడుపు నింపు బిడ్డా, తర్వాత చీర కట్టు" అని నాకు మొదటి ఏడాది చెప్పిన మాట. చీర అంటే పూలు.

ఆ రోజు కోడలికి చేతితో చూపించినదంతా ఇప్పుడు రాస్తున్నాను. తల్లిగారింటికి దూరంగా ఉన్న ఆడపిల్లలు, కొత్తగా ఈ పండుగ ఇంట్లోకి వచ్చిన కోడళ్లు, పేర్చాలని ఉండీ చెయ్యి ఆడని వాళ్లు దీన్ని దగ్గర పెట్టుకొని చేయవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

భాద్రపద అమావాస్య నాడు, మా వైపు పెత్రామాస అంటాం, ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది. కొన్ని ఊళ్లలో ఏడో రోజుకే సద్దులు చేస్తారు, మీ ఊరి ఆచారం పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. తిథి ప్రకారం వచ్చే పండుగ కాబట్టి తేదీ ఏటా జరుగుతుంది. 2024లో ఎంగిలిపూలు అక్టోబరు 2న వచ్చాయి. 2025లో సెప్టెంబరు 21నే వచ్చేశాయి. ఈ పదకొండు రోజుల తేడా పూల పనిలో చాలా పెద్దది. పండుగ ముందుగా వచ్చిన ఏడాది గునుగు ఇంకా లేతగా, పొట్టిగా ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన ఏడాది తంగేడు కొంత కాయ పట్టి ఉంటుంది. అందుకే పండుగకు వారం ముందే పొలం గట్లు ఒకసారి తిరిగి చూసి రావాలి.

ఈ రోజుల్లో పల్లెలో ఎవరికీ తీరిక ఉండదు. వాకిట్లో మక్కలు, అంటే మొక్కజొన్నలు, కుప్ప పోసి ఉంటాయి, వాటిని పొద్దున పరచాలి, మబ్బు పట్టగానే కుప్ప చేసి పట్టా కప్పాలి. పత్తి పగలడం మొదలవుతుంది. వరి పొట్ట మీద ఉంటుంది. ఇన్ని పనుల మధ్య తొమ్మిది రోజులు ఒక్కరే పేర్చాలంటే కుదరదు. మా ఇంట్లో ఎవరి పని వారికి ఉంది. పూలు తేవడం మగవాళ్లది. మా ఆయన, చిన్న కొడుకు తెల్లవారకముందే బండి మీద వెళతారు. ఏరడం, కొసలు సమం చేయడం పిల్లలది. రంగు అద్దడం చిన్న కోడలిది. కట్టలు కట్టడం మా ఆడపడుచుది, పండుగకు తల్లిగారింటికి వచ్చి ఆమె మొదట అడిగేది దారపు ఉండ ఎక్కడుందని. పేర్చడం నాది. ఇప్పుడు పెద్ద కోడలిది కూడా.

పూలు

బతుకమ్మకు ప్రాణం రెండే రెండు పూలు, గునుగు, తంగేడు. మిగిలినవి ఎన్ని ఉన్నా అలంకారమే. బంతి, చామంతి బజారులో దొరుకుతాయి కదా అని వాటితోనే పేరిస్తే రెండు ఇబ్బందులు ఉన్నాయి. వాటికి కాడ సరిపోదు, లోపలికి పట్టు దొరకదు. పైగా బరువు ఎక్కువ.

గునుగు చేలల్లో, గట్ల మీద కలుపుగా మొలుస్తుంది. తెలుపు, కొస దగ్గర లేత గులాబీ. రైతుకు అది పీకి పారేయాల్సిన మొక్క, ఈ తొమ్మిది రోజులు మాత్రం దాన్నే వెతుక్కుంటూ తిరుగుతాం. కలుపు మందులు కొట్టడం పెరిగిన తర్వాత మా ఊళ్లో గునుగు బాగా తగ్గింది. నా చిన్నప్పుడు జొన్న చేను గట్టు మీద నిలబడి చెయ్యి చాపితే మోపు నిండేది. ఇప్పుడు మూడు చేలు తిరగాలి. మేము మా బావి దగ్గర అర గుంట జాగా మందు కొట్టకుండా గునుగు కోసమే వదిలేస్తున్నాం. స్థలం ఉన్నవాళ్లు ఇలా చేయండి, ఇది నా గట్టి విన్నపం.

గునుగు కోసేటప్పుడు కాడ జానెడు పొడవు ఉండేలా కోయాలి. మరీ పొట్టిగా తుంచి తెస్తే కట్ట కట్టడానికి పనికిరాదు. పూర్తిగా విచ్చుకున్న కంకి తీసుకోండి, అడుగున గింజ రాలుతున్నది వద్దు. గునుగు రెండు మూడు రోజులు నిలువ ఉంటుంది, వాడినా రూపం మారదు. కాబట్టి సద్దుల కోసం గునుగును రెండు రోజులు ముందే తెచ్చి పెట్టుకోవచ్చు.

తంగేడు అలా కాదు. పసుపు రంగు రేకులు మధ్యాహ్నానికే ముడుచుకుంటాయి. పేర్చే రోజు పొద్దున్నే తేవాలి, లేదా ముందు రోజు సాయంత్రం తెచ్చి తడి గోనెసంచి మీద పలుచగా పరిచి, పైన మరో తడి బట్ట కప్పి నీడలో ఉంచాలి. కుప్పగా వేస్తే లోపల వేడెక్కి నల్లబడుతుంది. తంగేడు కొమ్మను విరవకండి, పూగుత్తి కింద ఒక జానెడు మాత్రం కత్తితో కోయండి. మళ్లీ ఏడాదికి అదే పొద దగ్గరికి మనమే వెళ్లాలి. ఇది తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. రోడ్డు పక్కన పొదలను మొదలు దాకా నరికి ట్రాలీలో వేసుకుపోయేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇవి కాక నీలి కట్లపూలు, పట్టుకుచ్చులు, బంతి, చామంతి, మందార, బీర పువ్వు, రుద్రాక్ష పూలు ఏవి దొరికితే అవి. గుమ్మడి పువ్వు ఒకటైనా తప్పనిసరి, పైన పెట్టడానికి.

పూలకు వెళ్లేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ముందు రోజు మందు కొట్టిన పత్తి చేను గట్టున గునుగు కోయవద్దు, వాసన తెలుస్తుంది. ఆ పూలను పిల్లలు చేతులతో పట్టుకొని అవే చేతులతో తింటారు. రెండోది, గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. ఈ నెలలో పాములు గట్ల మీదే ఉంటాయి.

రంగు అద్దడం

తెల్ల గునుగు ఉన్నదున్నట్టు పెట్టినా అందమే. మధ్య మధ్య రంగు వరుసలు వస్తే దూరం నుంచి బాగా కనిపిస్తుంది. దుకాణంలో దొరికే రంగు పొడి నీళ్లలో కలిపి ముంచడం అందరూ చేసే పద్ధతి. నేను కొన్నేళ్లుగా అది మానేశాను, ఎందుకంటే చివరికి ఇదంతా చెరువులోకే వెళుతుంది, అందులో చేపలున్నాయి, బర్రెలు తాగుతాయి. పసుపుకు ముదురు పసుపు నీళ్లు. ఎరుపుకు అదే పసుపు నీళ్లలో తినే సున్నం కలిపితే పారాణి రంగు వస్తుంది. హోళీకి ఎండబెట్టిన మోదుగ పూలు మిగిలి ఉంటే మరిగించి నారింజ రంగు తీయవచ్చు. దుకాణపు రంగంత గాఢంగా రాదు, అది ఒప్పుకుంటాను. మా చిన్న కోడలు ఆకుపచ్చ, ముదురు గులాబీ కావాలంటుంది, పక్కన పేర్చే చిన్న పిల్ల బతుకమ్మకు మాత్రం సరే అంటాను.

ముంచే ముందు పది పన్నెండు గునుగు కంకులు ఒక గుప్పిట్లోకి తీసుకొని కొసలన్నీ ఒకే ఎత్తుకు వచ్చేలా నేలకేసి తట్టండి. దారంతో కట్టి, కత్తితో కొసను సమంగా కోయండి. ఆ కోసిన ముఖాన్నే రంగులో ముంచాలి, మొత్తం కంకిని కాదు. ముంచి, విదిలించి, కాడలు కిందికి ఉండేలా బుట్టలో నిలబెట్టి గంటసేపు ఆరనివ్వాలి. ఆరకుండా పేరిస్తే పక్క వరుసలోని తెల్ల పూల మీదికి రంగు దిగి అంతా మురికిగా కనిపిస్తుంది.

పేర్చడం

పళ్లెం దగ్గర మొదలుపెడదాం. ఇత్తడి తాంబాళం నిండుగా కనిపిస్తుంది గానీ అడుగు జారుతుంది. నేను వెదురుతో అల్లిన పళ్లెం, సిబ్బి వాడతాను, ఆకు దాన్ని పట్టుకుంటుంది, నీళ్లు కిందికి కారిపోతాయి. మొదటిసారి చేసేవాళ్లు అడుగున్నర వెడల్పు సిబ్బి తీసుకోండి. అంతకంటే పెద్దది తీసుకుంటే పూలు చాలక సగంలో ఆగిపోతారు.

సిబ్బి మీద గుమ్మడి ఆకులు పరచాలి. ఎనిమిదో పదో పడతాయి. ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా, కొసలు సిబ్బి అంచు దాటి రెండు వేళ్లు బయటికి వచ్చేలా వేయండి. గుమ్మడి ఆకు గరుకుగా ఉంటుంది కాబట్టి మీద పెట్టిన పువ్వు జరగదు. అవి దొరకకపోతే ఆముదం ఆకు, మోదుగ ఆకు. అరటి ఆకు మాత్రం వద్దు, నున్నగా జారుతుంది. ఆకుల మధ్యలో పసుపు కుంకుమ పెట్టి మొదలుపెట్టండి.

ఇప్పుడు కడుపు సంగతి. గునుగు కాడలు కోయగా మిగిలిన ముక్కలు, తంగేడు ఆకు, సన్న రెమ్మలు, వీటన్నిటినీ రెండంగుళాల ముక్కలుగా కత్తిరించి ఒక గంప నిండా సిద్ధంగా పెట్టుకోండి. ఇవి కాస్త వాడి ఉండాలి. పచ్చి గడ్డి, తడి ఆకులు వేయకూడదు, ఎందుకో కింద చెబుతాను. పూలు ఎన్ని కావాలో అంతకు తక్కువ కాకుండా ఈ సరుకు కావాలి. మొదటిసారి చేసేవాళ్లు అందరూ పూలు లెక్కబెట్టుకుంటారు, ఇది సిద్ధం చేసుకోరు. సగంలో లేచి కొడవలి పట్టుకొని పెరట్లోకి పరుగెత్తుతారు.

మొదటి వరుస తంగేడు. ఐదారు గుత్తులు కలిపి దారంతో కట్టిన చిన్న కట్టలు. పువ్వు బయటికి, కాడ మధ్యకు. అంచు నుంచి రెండు వేళ్లు లోపలికి జరిపి చుట్టూ ఖాళీ లేకుండా వత్తుగా పెట్టుకుంటూ రండి. చుట్టు పూర్తవగానే మధ్యలో ఏర్పడిన గుంటలో ముక్కలు వేసి పిడికిలితో గట్టిగా నొక్కండి. మళ్లీ వేసి మళ్లీ నొక్కండి. కాడల మీద పడి వాటిని కదలకుండా పట్టుకోవాలి.

మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్న కిటుకు ఒకటుంది. మధ్య భాగం ఎప్పుడూ అంచు కంటే ఒక వేలు పల్లంగా ఉండాలి. అప్పుడు తర్వాతి వరుస కాడలు లోపలికి వాలి ఉంటాయి, బరువంతా మధ్యకు పోతుంది. మధ్యలో ఎత్తుగా నింపితే పూలు బయటికి వాలుతాయి, నాలుగు అడుగులు వేయగానే వరుస జారుతుంది. ఇంత చిన్న విషయం, కానీ కూలిన బతుకమ్మల్లో చాలావరకు ఇక్కడే తప్పు జరిగి ఉంటుంది.

రెండో వరుస తెల్ల గునుగు, మూడోది రంగు గునుగు, నాలుగోది బంతి. అక్కడి నుంచి మీ ఇష్టం. ప్రతి వరుసా కింది వరుస కంటే అర వేలు లోపలికి. అంతకంటే ఎక్కువ జరిపితే బతుకమ్మ పొట్టిగా ముగుస్తుంది, జరపకపోతే స్తంభంలా నిలబడి ఊగుతుంది. బంతి, చామంతి లాంటి పొట్టి కాడ పూలను విడిగా పెట్టవద్దు. ఈనెపుల్లకు గుచ్చి పుల్లను లోపలికి దించండి, లేదా వాటి వెనక ఒక గునుగు కట్టను ఆనించండి.

మీరు సిబ్బి చుట్టూ తిరగవద్దు, సిబ్బినే తిప్పుకోండి. మూడు వరుసలకు ఒకసారి లేచి గడప దాకా వెళ్లి అక్కడి నుంచి చూడండి. దగ్గర కూర్చున్నవాళ్లకు ఒక పక్కకు ఒరిగింది తెలియదు. ఒరిగితే ఎత్తుగా ఉన్న వైపు నొక్కడం కాదు, పల్లంగా ఉన్న వైపు లోపల ఇంకో గుప్పెడు ముక్కలు కూరండి.

అడుగున్నర సిబ్బికి పన్నెండు నుంచి పద్నాలుగు వరుసలు వస్తాయి. ఇద్దరు ఆడవాళ్లు, ఒక పిల్ల కూర్చుంటే మూడు గంటల పని. మీ మోకాలి కంటే ఎత్తు అవసరం లేదు. ఊళ్లో మనిషెత్తు బతుకమ్మలు పేర్చేవాళ్లు మధ్యలో వెదురు కర్ర నిలబెట్టి చేస్తారు, నలుగురు మోయాలి. అది చేయి తిరిగిన తర్వాతి సంగతి.

పైకి వచ్చేసరికి గుంట గుప్పెడంత అవుతుంది. దాన్ని సన్న ముక్కలతో మూసి, చుట్టూ చామంతి, పట్టుకుచ్చులు. మధ్యలో గుమ్మడి పువ్వు. తమలపాకులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను అక్కడ నిలబెట్టి కుంకుమ బొట్టు పెట్టండి. పసుపు ముద్ద గట్టిగా కలపాలి, నీళ్లు ఎక్కువైతే సాయంత్రానికి కుంగిపోతుంది. పక్కన చిన్న పళ్లెంలో పిల్ల బతుకమ్మను కూడా పేర్చండి, పెద్దదాన్ని ఒంటరిగా పంపకూడదని మా ఇంటి పట్టింపు. ఇంట్లో చిన్న ఆడపిల్ల ఉంటే అది పూర్తిగా ఆమె చేతికి వదిలేయండి. వంకరగా వచ్చినా దిద్దవద్దు.

పేర్చినదాన్ని దేవుని గదిలో నీడన ఉంచండి. ఫ్యాను గాలి తగలకూడదు. వేళ్లతో నీళ్లు చిలకరిస్తే చాలు.

నా బతుకమ్మ కూలిన ఏడాది

పెళ్లయిన నాలుగో ఏడాది అత్తమ్మకు జ్వరం వచ్చి మొత్తం నేనే పేర్చాను. రెండు రోజులుగా ముసురు. గునుగు తడిసి ఉంది, ముక్కలకు ఎండిన సరుకు దొరకలేదు. పెరట్లోని పచ్చి గడ్డి కోసి కూరాను. ఇంట్లో ఉన్నంతసేపు బాగానే నిలబడింది, ఆ ఏడాది వాడకట్టులో నాదే పెద్దది కూడా. సాయంత్రానికి లోపలి గడ్డి వాడి మెత్తబడి అణిగిపోయింది. చెరువు కట్ట ఎక్కుతుంటే పై సగం ఒక్కసారిగా జారి నా భుజం మీదుగా కింద పడింది.

నేను అక్కడే కూర్చొని ఏడ్చాను. అత్తమ్మ దుప్పటి కప్పుకొని వెనక వస్తోంది. ఒక్క మాట అనలేదు. మట్టిలో నుంచి గౌరమ్మను తీసి కొంగుతో తుడిచి నా ఒళ్లో పెట్టింది. "దీన్ని పట్టుకో బిడ్డా, పూలు మళ్లీ పేరుద్దాం" అన్నది. వెంట వచ్చినవాళ్లు తలా ఒక గునుగు కట్ట తమ బతుకమ్మల నుంచి తీసి ఇచ్చారు. కట్ట మీదే పేర్చాం. పచ్చి గడ్డి సంగతి నాకు అప్పుడే తెలిసింది. ముసురు పట్టిన ఏడాది ఇప్పుడు నేను ముందే మక్కజొన్న పొట్టు ఒక సంచి ఎండబెట్టి అటక మీద దాచుకుంటాను. కడుపు నింపడానికి అంతకంటే మంచి సరుకు లేదు, తేలిక, అణగదు.

మధ్య రోజులు

రోజుకో పేరు, రోజుకో నైవేద్యం. అటుకులు, ముద్దపప్పు, నానబెట్టిన బియ్యం, అట్లు ఇలా సాగుతాయి. ఈ రోజుల్లో చిన్నవి పేరిస్తే చాలు, ఐదారు వరుసలు. రోజూ పెద్దది చేయబోతే చివరి రోజుకు పూలూ ఉండవు, ఓపికా ఉండదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. మా ఇంట్లో ఆ రోజు సిబ్బులు కడిగి ఎండబెడతాం, సద్దులకు కావలసిన నువ్వులు ఏరుతాం, వాకిట్లో మక్కలు తిరగవేస్తాం.

సద్దులు

సద్దులంటే చెరువు దగ్గరికి తీసుకెళ్లే కలిపిన అన్నాలు. ఆరుగురి ఇంటికి, పంచి పెట్టడానికి కూడా కలిపి, కిలోన్నర బియ్యం చాలు. అన్నం కొంచెం పలుకుగా వండి, వెడల్పు పళ్లేల్లో ఆరబోసి, గరిటెడు నూనె కలిపి ఐదు భాగాలు చేయండి. చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, పెరుగు. పెరుగు సద్దిని మాత్రం ఆ భాగం అన్నం మెత్తగా మెదిపి, వెళ్లే ముందు కలపండి, పొద్దున్నే కలిపితే పులుస్తుంది.

నువ్వుల సద్ది కోసం వంద గ్రాముల నువ్వులు సన్న సెగ మీద చిటపటమనే దాకా వేయించి, ఐదు ఎండుమిరపకాయలు, ఉప్పుతో రోట్లో దంచాలి. మిక్సీలో వేస్తే నూనె దిగి ముద్ద అవుతుంది, వేయాల్సి వస్తే ఆపి ఆపి రెండుసార్లు తిప్పి తీసేయండి.

సత్తుపిండి లేకుండా చెరువు దగ్గరికి వెళ్లం. కొత్త మక్కలు బాగా ఎండినవి అర కిలో దోరగా వేయించి పిండి పట్టించి, పావు కిలో బెల్లం తురుము, కాస్త నెయ్యి, యాలకుల పొడి కలపండి. వేరుశనగలతోనూ ఇలాగే, పొట్టు తీసి చక్కెరతో దంచుతాం. మలీద మా ఆడపడుచు చేస్తుంది, నేను చేస్తే ఆ రుచి రాదు. జొన్నరొట్టె వేడి మీదే తుంపి, బెల్లం, నెయ్యి వేసి అరచేతులతో నలుపుతుంది. చల్లారిన రొట్టెతో చేయకూడదని ఆమె పట్టు.

చెరువు దాకా

పొద్దు వాలే ముందు బయలుదేరాలి. తల మీద పాత బట్టను చుట్టగా చేసి పెట్టుకొని సిబ్బిని ఎత్తించుకోండి. ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టాలి, ఒకరు సిబ్బి అడుగు, ఒకరు పక్క. మెడ నిటారుగా, అడుగులు చిన్నవి. కట్ట ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వెనక ఒక మనిషి ఉండాలి.

గుడి ముందో కూడలిలోనో అందరివీ మధ్యలో దించి చుట్టూ తిరుగుతూ చప్పట్లతో ఆడతారు. కొత్తవాళ్లు పాట రాదని పక్కన నిలబడవద్దు. ఒకరు చరణం చెబితే మిగిలినవాళ్లు పల్లవి అందుకోవడమే, రెండు చుట్లలో వచ్చేస్తుంది. మా కోడలు మొదటి ఏడాదే ఆడింది. ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్దికి వాళ్ల ఊళ్లో ఉయ్యాల ఊగే అలవాటు ఆమెకు ఉంది. ఆ ఏడాది మా వేపచెట్టుకు తాడు కట్టించి మా వాడకట్టు పిల్లలందరినీ ఊపింది, అప్పటి నుంచి మా ఇంట్లో బతుకమ్మ అయిన తొమ్మిది పది రోజులకు గోరింటాకు నూరడం కూడా ఉంది.

నీళ్లలో వదిలేటప్పుడు మోకాలి లోతు దాటవద్దు. వానలకు చెరువు నిండి ఉంటుంది, అడుగున బురద, మెట్టు ఎక్కడ ముగిసిందో కనిపించదు. పిల్లలను ఒడ్డున ఒకరికి అప్పగించి వెళ్లండి. గౌరమ్మను ముందు తీసి పసుపును అక్కడున్న ఆడవాళ్లు చెంపలకు, పుస్తెలకు రాసుకుంటారు. తర్వాత సిబ్బిని నీటి మట్టానికి వంచి బతుకమ్మను మెల్లగా జార్చండి. దారాలు, ప్లాస్టిక్ పూలు, మెరుపు కాగితాలు ముందే తీసి సంచిలో వేసుకోండి. బాగా నింపిన బతుకమ్మ విడిపోకుండా కొంతదూరం తేలుతూ వెళుతుంది. ఖాళీ సిబ్బితో ఒడ్డుకు వచ్చి సద్దులు విప్పి, పక్కవాళ్లకు ముందు పెట్టి తర్వాత తినాలి.

మర్నాడు ఒక పని మిగిలి ఉంటుంది. పెరట్లో బంతి చెట్ల మీద కోయకుండా వదిలిన పెద్ద పూలు నాలుగైదు ఉంటాయి. అవి చెట్టు మీదే ఎండనిచ్చి, రేకులతో సహా తెంపి, నూలు గుడ్డలో మూట కట్టి పేరు రాసి దూలానికి వేలాడదీయండి. గునుగు కంకులు ఎండినవి నాలుగు వదిలిన జాగాలోనే దులిపేయండి, వాటంతట అవే మొలుస్తాయి. బంతి నారు ఆరుద్ర కార్తెలో పోయాలి. మా మూట మీద పేరు ఈసారి మనవరాలు రాసింది, తన పిల్ల బతుకమ్మకు ఎర్ర బంతి విడిగా కావాలని రెండో మూట కూడా కట్టింది.